ఏఐ వైద్యం మన కర్నూలు దాకా వస్తే ముందు ఏం మారాలి?

ఆస్పరి_పంతులు

అందరికీ నమస్కారం. పేపరు తీసినా, టీవీ పెట్టినా ఏఐ వైద్యం గురించే. డాక్టర్ల కంటే బాగా రోగం పట్టేస్తోందని ఒకరు, ఇంక ఆసుపత్రికి పోయే పనే ఉండదని ఇంకొకరు. 2016లో జెఫ్రీ హింటన్ లాంటి శాస్త్రవేత్తే రేడియాలజిస్టులకు శిక్షణ ఇవ్వడం ఆపేయాలన్నాడు, ఐదేళ్లలో యంత్రం వాళ్లను మించిపోతుందన్నాడు. ఆ ఐదేళ్లు ఎప్పుడో దాటాయి. మన వైపు స్కానింగ్ చదివే డాక్టరు కోసం ఎదురుచూపులు మాత్రం తప్పలేదు.

నేను ఆస్పరి మండలంలో టీచర్ని. పత్తి పనులు అయిపోగానే మా ఊళ్లలో ఇళ్లకు తాళాలు పడతాయి. గుంటూరు మిరప తోటలకు సుగ్గికి, అంటే కూలికి వలస, పోతారు. ముసలోళ్లు, చిన్నపిల్లలు మిగులుతారు. బీపీ మాత్రలు అయిపోయినా తెచ్చిచ్చేవాళ్లు ఉండరు. అలాంటి ఊరికి ఈ ఏఐ వల్ల ఒరిగేదేమిటి? ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లు, వైద్యం చేయించుకున్నవాళ్లు కళ్లారా చూసింది రాయండి. మా బడిలో తల్లిదండ్రుల సమావేశంలో దీని గురించి మాట్లాడాలని ఉంది, అందుకే అడుగుతున్నా.

ఆదోని_పత్తి

పంతులు గారూ, నేను చూసింది చెప్తా. పోయిన ఎండాకాలం మా పెదనాయనకు రాత్రి అన్నం తిన్నాక ఎదలో పట్టేసినట్టయింది. ఆయనేమో గ్యాస్ అంటాడు, వాము నీళ్లు ఇమ్మంటాడు. చొక్కా తడిసిపోయేంత చెమటలు చూసి మా వదిన ఊరుకోలేదు, ఏరియా ఆసుపత్రికి తీసుకుపోయాం.

డ్యూటీ డాక్టరు చిన్న వయసు అమ్మాయి. ఈసీజీ తీగలు పెట్టి తీసింది, అది అక్కడినుంచే కార్డియాలజిస్టుకు పోయింది. కాసేపటికే ఫోను. ఆ అమ్మాయి ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని "అవును సార్, ఎస్టీ పెరిగింది సార్, బీపీ బాగానే ఉంది సార్" అంటూనే నర్సుకు ఇంజెక్షన్ ఉన్న అర వేలితో చూపించింది. గుండెపోటంట. గుండె రక్తనాళంలో అడ్డుపడ్డ గడ్డ కరిగించే మందు, టెనెక్టెప్లేస్. బయట కొంటే 40 వేల రూపాయల దాకా అవుతుందంట. గుండెపోటు వచ్చినవాళ్ల కోసం ఉన్న స్టెమీ అనే ప్రభుత్వ కార్యక్రమం కింద పైసా అడగకుండా వేశారు. ఆ తర్వాతే 108లో కర్నూలుకు పంపారు.

ఆదోని నుంచి కర్నూలు దాదాపు 100 కిలోమీటర్లు. ఆ ఇంజెక్షన్ పడకుండా ఆ దారంతా పోయుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే. పెదనాయన ఇప్పుడు చేనికి పోయొస్తున్నాడు. మన ఊరికి టెక్నాలజీ వల్ల ఏం ఒరుగుతుందంటే నా జవాబు ఇదే.

కోడ్_కర్నూలు

ఆదోని అన్నా, పెదనాయన కోలుకున్నందుకు చాలా సంతోషం. నేను బెంగళూరులో మెడికల్ స్కాన్‌లు చదివే సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తాను, ఊరు కల్లూరు. మీరు చెప్పినటువంటి ఏర్పాటులో ఏఐ చేయగలిగింది ఒకటి ఉంది: వచ్చిపడే వందల ఈసీజీలను ముందే చదివి, ప్రమాదంలో ఉన్నవాళ్లది డాక్టరు కళ్లముందు పైన పెట్టడం. కానీ ఆ రాత్రి పెదనాయనను కాపాడింది ఫోనెత్తిన కార్డియాలజిస్టు, అరలో సిద్ధంగా ఉన్న మందు. ఆ రెండూ లేకపోతే ఎంత తెలివైన ప్రోగ్రామైనా వట్టిదే.

ఇప్పటిదాకా గట్టిగా రుజువైంది కంటి పని. షుగరు ముదిరితే రెటీనాలో రక్తనాళాలు చెడిపోయి, నొప్పీ లేకుండా చూపు పోతుంది. 2016లో గూగుల్ పరిశోధకులు 1,28,175 రెటీనా ఫోటోలతో నేర్పిన ప్రోగ్రాం దాన్ని కంటి డాక్టర్లతో సమానంగా గుర్తించింది. ఆ ఫోటోల్లో మదురై అరవింద్ ఆసుపత్రిలాంటి మన దేశపు కంటి ఆసుపత్రులవీ ఉన్నాయి. 2018 ఏప్రిల్‌లో వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ, డాక్టరు చూడకుండానే ఫలితం చెప్పే ఐడీఎక్స్-డీఆర్ అనే పరికరానికి అనుమతి ఇచ్చింది. కేంద్ర వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే 2023లో తేల్చిన లెక్కన మన దేశంలో షుగరు ఉన్నవాళ్లు 10.1 కోట్ల మంది. వీళ్లందరికీ ఏడాదికోసారి కళ్లు చూడాలంటే ఉన్న కంటి డాక్టర్లు ఏ మూలకూ చాలరు. యంత్రాన్ని జల్లెడగా వాడితే, జల్లెడలో మిగిలినవాళ్లను మాత్రం డాక్టరు చూస్తే సరిపోతుంది.

పీజీ_నైట్‌డ్యూటీ

కోడ్ అన్నా, నేను పీజీ చేస్తున్న డాక్టరుని. ఆ తర్వాతి కథ కూడా చెప్పాలి. ఆ గూగుల్ వాళ్లే కంటి ప్రోగ్రాంను థాయ్‌లాండ్‌లో 11 క్లినిక్‌లలో పెట్టి చూశారు, 2020లో ఆ వివరాలు బయటికొచ్చాయి. నర్సులు తీసిన ఫోటోల్లో 21 శాతం యంత్రం తీసుకోనేలేదు. గదిలో వెలుతురు సరిపడక ఫోటో మసకగా వచ్చింది, నెట్ నెమ్మదిగా ఉంది. ఫోటో తిప్పికొట్టినప్పుడల్లా ఆ మనిషి ఇంకో రోజు పని మానుకుని వేరే ఆసుపత్రికి పోవాలి.

మన జిల్లాలోనే ఒక కంటి క్యాంపుకు నేను సాయంగా పోయాను. కెమెరా మంచిదే. ఒక పెద్దావిడ గడ్డం ఆనించి కూర్చుంది. రెండు కళ్లకూ శుక్లాలు బాగా ముదిరాయి, లోపల రెటీనా కనబడే దారే లేదు. మళ్లీ తీశారు, మళ్లీ తీశారు, స్క్రీన్ మీద "ఫోటో పనికిరాదు" అనే వస్తోంది. వెనక లైను పెరుగుతోందని టెక్నీషియన్ ఆమెను లేపి పక్కన కూర్చోబెట్టాడు. "నా కన్ను పనికిరాదంటనా నాయనా?" అని ఆమె నన్ను అడిగింది. ఆ క్యాంపులో అందరికంటే ముందు ఆపరేషన్ కావలసింది ఆమెకే. కానీ ఆ రోజు లెక్కల్లో ఆమె "రెఫర్" కిందా లేదు, "నార్మల్" కిందా లేదు. మేం చెయ్యి పట్టుకుని శుక్లాల ఆపరేషన్ లిస్టులో పేరు రాయించాం కాబట్టి సరిపోయింది.

యంత్రం చదవలేకపోయినవాళ్లను ఎవరు చూస్తారన్నది ముందే రాసి పెట్టుకోకుండా ఇలాంటి క్యాంపు పెట్టకూడదని నా అభిప్రాయం. జల్లెడలో మిగిలినవాళ్ల గురించి అందరూ మాట్లాడతారు, అసలు జల్లెడలోనే పడనివాళ్ల సంగతి కూడా చూడాలి.

కోడ్_కర్నూలు

ఒప్పుకుంటా తమ్ముడూ. "పనికిరాదు" అన్న ఫలితాన్ని కూడా రెఫర్ కిందే లెక్కకట్టాలి. అది సాఫ్ట్‌వేర్‌లో మార్చడం పెద్ద పనేమీ కాదు, కొనేవాళ్లు గట్టిగా అడగాలి అంతే. టెండరులో ఆ ఒక్క షరతు రాయించగలిగితే చాలు.

సబ్‌సెంటర్_అక్క

నేను ఏఎన్ఎంని. ఇంతమంది మాట్లాడుతున్నారు, మా సంగతి కూడా చెప్తా.

ఇంటింటికీ పోయి బీపీ, షుగరు చూస్తాం, ఒక యాప్‌లో ఎక్కిస్తాం. గర్భిణులకు ఇంకొకటి, పిల్లల టీకాలకు యూ-విన్, టీబీ వాళ్లకు నిక్షయ్. ఇవన్నీ చేశాక మళ్లీ రిజిస్టరు రాయాలి. సిగ్నల్ లేకపోతే రాత్రి ఇంటికొచ్చి మిద్దె మీద నిలబడి అప్‌లోడ్ చేస్తాం. బాలింత ఇంటికి పోతే ఆమె మొహం చూసేదానికంటే ఫోను చూసేదే ఎక్కువవుతోంది. ఆమె ఏడ్చిందో, పాలు పడ్డాయో లేదో మొహం చూస్తేనే తెలుస్తుంది.

ఏఐ మన దాకా వస్తుందంటే నాకు ముందు కావలసింది ఇది. నేను మా మాటలో చెప్పింది విని అన్ని యాప్‌లలో అదే నింపుకోవాలి. "బీపీ నూట అరవై బై నూట పది, ఎనిమిదో నెల, కాళ్ల వాపు, తలనొప్పి అంటోంది" అని నేను అనగానే, ఈమెను ఈ రోజే ఆసుపత్రికి పంపాలని ఎర్రగా చూపించి, 108కి, పీహెచ్‌సీ డాక్టరుకు తానే మెసేజ్ పంపాలి. ఏం చేయాలో నాకు తెలుసు. కానీ ఇంట్లో అత్తామామలు "రేపు పోదాంలే" అంటారు. డాక్టరే ఫోను చేసి పిలిస్తే కదులుతారు.

ఫోనులో డాక్టరుకు చూపించే ప్రభుత్వ సేవ ఈ-సంజీవని మాత్రం మా ఊరికి మేలే చేసింది. మొదట్లో "చెయ్యి పట్టి చూడని డాక్టరేం డాక్టరు" అన్నారు. ఇప్పుడు బస్సు చార్జీ, పోగొట్టుకునే కూలి లెక్క వేసుకుని వాళ్లే వచ్చి "ఫోనులో డాక్టరమ్మను పిలువు" అంటున్నారు. మా సబ్‌సెంటర్ ఆరోగ్య అధికారి (ఎమ్మెల్‌హెచ్‌పీ) చెల్లెలు పక్కన కూర్చుని బీపీ చూసి చెప్తుంది, రాసిన మాత్రలు అక్కడే ఇస్తుంది. మనిషి పక్కన ఉంది కాబట్టే అది నడుస్తోంది. ఇంట్లో ఎవరికి వాళ్లు ఫోనులో చూపించుకోమంటే మా ముసలోళ్లు చూపించుకోరు.

తుంగభద్ర_గట్టు

అమ్మా, నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. నేను రిటైరైన ఫార్మసిస్టుని, ఇప్పుడు తమ్ముడి మెడికల్ షాపులో కూర్చుంటాను. నా భయం వేరే. ఫోనులో ఏఐని అడిగి, స్క్రీన్ చూపించి "ఈ మాత్ర ఇవ్వు" అని వచ్చేవాళ్లు పెరుగుతున్నారు.

ఒకాయన మోకాళ్ల నొప్పికి అడిగాడట, నొప్పి మాత్ర పేరు వచ్చింది. మోకాళ్ల వరకు ఆ జవాబు సరైనదే. కానీ ఆయనకు షుగరు పాతది, కాళ్లు ఉబ్బి ఉన్నాయి. "క్రియాటినిన్ ఎంత?" అంటే జేబులోంచి మడిచిన కాగితం తీశాడు, 2.1 ఉంది. కిడ్నీ అలా ఉన్న మనిషికి ఆ మాత్రలు రోజూ వేస్తే డయాలసిస్ దాకా పోతుంది. ఫోను అడగలేదు, ఆయన చెప్పలేదు. చెప్పాలని ఆయనకెట్లా తెలుస్తుంది?

2020 మార్చిలో కేంద్రం ఇచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది: ఏఐ వేదికలు రోగికి సలహా చెప్పకూడదు, మందు రాయకూడదు, డాక్టరుకు సాయం మాత్రమే చేయవచ్చు. ఈ ముక్క పంతులు గారు సమావేశంలో తప్పకుండా చెప్పాలి.

దూరాన_కూతురు

తాతగారూ, మీ భయం అర్థమైంది. కానీ నా వైపు నుంచి ఒక మాట. అమ్మ నంద్యాలలో ఒంటరిగా ఉంటుంది, నేను పూణేలో. ఆమెకు స్టెంట్ వేసినప్పుడు ఒక ప్రైవేటు ఆసుపత్రి చేతిలో పెట్టిన డిశ్చార్జి కాగితాలు అంతా ఇంగ్లీషు, పొట్టి అక్షరాలు. ఏ మాత్ర దేనికో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఏఐకి ఆ కాగితం ఫోటో ఇచ్చి తెలుగులో రాయమన్నా. ఏది రక్తం పలచబరిచేది, ఏది ఎప్పటికీ ఆపకూడదో, ఎప్పుడు వెంటనే ఆసుపత్రికి పోవాలో విడమర్చి చెప్పింది. దాన్ని మా ఫ్యామిలీ డాక్టరుకు చూపించి, సరిగ్గా ఉందన్నాకే పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి ఫ్రిజ్ తలుపుకు అంటించా.

మందు అడగడం వేరు, డాక్టరు రాసిందాన్ని అర్థం చేసుకోవడం వేరు. రెండోది మనవాళ్లకు దక్కాల్సిందే. చదువు తక్కువైనంత మాత్రాన తన ఒంటి సంగతి తనకు తెలియకుండా ఎందుకుండాలి?

తుంగభద్ర_గట్టు

డాక్టరుకు చూపించాకే అంటించావు చూడు తల్లీ, అది మంచి పద్ధతి. అలా అయితే నాకు అభ్యంతరం లేదు.

నాపరాయి

నేను బేతంచెర్ల వైపు. జిల్లా ఇప్పుడు నంద్యాల అయింది గానీ పెద్ద జబ్బు చేస్తే మేం వచ్చేది కర్నూలుకే. క్రషర్లో సూపర్‌వైజరుగా చేశా.

మా దగ్గర రాయికి డ్రిల్లింగ్ చేసే ఒకతనికి చాలాకాలంగా దగ్గు, ఆయాసం. ఊరికి చేతిలో పట్టుకునే ఎక్స్‌రే మిషన్ తెచ్చారు, కంప్యూటరే చదువుతుందన్నారు. టీబీ అనుమానం అని చూపింది. కళ్లె పరీక్ష చేస్తే టీబీ లేదని వచ్చింది. "టీబీ లేదు, భయం లేదు, పో" అన్నారు. ఇంట్లో సంబరపడ్డారు. కానీ మనిషి మిద్దె మెట్లు ఎక్కలేడు, రాత్రి పడుకోలేడు, కూర్చునే తెల్లారబెడతాడు. వయసు నలభై దాటలేదు. టీబీ కాకపోతే ఇదేంటి? కంప్యూటరు తప్పు చూపిందా, కళ్లె పరీక్ష తప్పా?

పీజీ_నైట్‌డ్యూటీ

అన్నా, రెండూ తప్పు కాకపోవచ్చు. అతన్ని చూడకుండా తేల్చి చెప్పలేను గానీ, మీరు రాసింది చదవగానే నాకు తోచింది సిలికోసిస్. రాయి డ్రిల్ చేసినప్పుడు, పగలగొట్టినప్పుడు లేచే సన్నని సిలికా దుమ్ము ఊపిరితిత్తుల లోతుకు పోయి అక్కడే ఉండిపోతుంది. చుట్టూ గట్టి మచ్చలు కడతాయి. ఎక్స్‌రేలో ఆ మచ్చలు ఎక్కువగా పైభాగంలో కనిపిస్తాయి, టీబీ కూడా తరచూ అక్కడే కనిపిస్తుంది. టీబీ కోసం నేర్పిన ప్రోగ్రాంకు అది టీబీలాగే కనబడటంలో వింత లేదు.

ఛాతీ ఎక్స్‌రే చదివే ఈ ప్రోగ్రాంలను 15 ఏళ్లు దాటినవాళ్లలో టీబీ వడపోతకు వాడొచ్చని డబ్ల్యూహెచ్‌ఓ 2021లో చెప్పింది. వడపోతకే, ఆ తర్వాత కళ్లెలో టీబీ క్రిమిని పట్టే ట్రూనాట్ లాంటి పరీక్షతో నిర్ధారించుకోవాలి. ఆ లెక్కన క్యాంపు వాళ్లు టీబీ వరకు పద్ధతిగానే చేశారు. ఆగిపోయింది ఎక్కడంటే, టీబీ కాదని తేలాక "మరి ఆ మచ్చలు ఏమిటి?" అని ఎవరూ అడగలేదు. మాకు మెడిసిన్‌లో మొదటి రోజు నుంచి నేర్పే ప్రశ్న ఒకటుంది: ఏం పని చేస్తావు? ఆ ఒక్క ప్రశ్న అక్కడ పడి ఉంటే దారి వేరేగా ఉండేది.

ఇంకోటి కూడా తెలుసుకోవాలి. సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ వచ్చే ప్రమాదం మామూలు వాళ్లకంటే చాలా ఎక్కువ. ఇవాళ లేదంటే రేపు రాదని కాదు. పడిన మచ్చలు పోయే మందు లేదు. దుమ్ములో పని ఆపడం, ఆయాసానికి వైద్యం, టీబీ కోసం కనిపెట్టుకుని ఉండటం. అందుకే పేరు పెట్టడం ముఖ్యం. చట్టం ప్రకారం ఇది ప్రభుత్వానికి తెలియజేయాల్సిన వృత్తి వ్యాధి, నష్టపరిహారం వర్తించే జాబితాలోనూ ఉంది. రోగం పేరు కాగితం మీద పడకపోతే ఆ కుటుంబానికి ఏదీ రాదు.

నాపరాయి

ఇది చదివి మనసంతా పాడైపోయింది. అతను ఇప్పటికీ పనికి పోతున్నాడు సార్. టీబీ లేదన్నారు కదా అని.

కోడ్_కర్నూలు

నా వృత్తి వైపు నుంచి చెప్పాల్సింది చెప్తా. మేం ప్రోగ్రాంకు ఫోటో ఇస్తాం, జవాబు నేర్పుతాం. ఆ మనిషి ఎక్కడ పనిచేస్తాడు, ఏ దుమ్ము పీలుస్తాడు అన్న కాలమ్ చాలాసార్లు ఉండదు. ఏ జనం దగ్గర నేర్చుకుందో ఆ జనానికే అది బాగా పనికొస్తుంది. కోవిడ్‌లో మనందరం వేలికి పెట్టుకున్న ఆక్సీమీటరే చూడండి. నల్ల చర్మం వాళ్లలో ఆక్సిజన్ పడిపోయినా బాగానే ఉన్నట్టు చూపడం తెల్లవాళ్లకంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువని 2020 డిసెంబరులో అమెరికాలో తేల్చారు. అంత చిన్న పరికరంలోనే అలా ఉంటే, రాయలసీమ క్వారీల్లో పనిచేసేవాళ్ల ఊపిరితిత్తుల గురించి వేరే చోట తయారైన ప్రోగ్రాంను ఇక్కడ పరీక్షించకుండా ఎలా నమ్ముతాం?

డోన్, బేతంచెర్ల, తాడిపత్రి వైపు శిబిరాలు పెట్టేటప్పుడు ఫారంలో "వృత్తి" అని ఒక గడి పెట్టి, రాతి పని అని రాసినవాళ్లలో మచ్చలుండి కళ్లె పరీక్ష నెగిటివ్ వస్తే నేరుగా ఛాతీ డాక్టరుకు పంపే ఏర్పాటు చేయవచ్చు. దీనికి కొత్త ఏఐ అక్కర్లేదు. ఒక గడి, ఒక నియమం చాలు.

బురుజు_మోడరేటర్

చర్చ బాగా నడుస్తోంది. ఒక సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే ఎత్తుతున్నా. ఇన్ని వివరాలు కంప్యూటర్లలోకి పోతే కాపలా ఎవరిది? 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగి రోజుల తరబడి చేత్తో రాసుకుంటూ ఓపీ నడిపారు. అంత పెద్ద సంస్థకే అలా జరిగింది.

సబ్‌సెంటర్_అక్క

అన్నా, ఆ భయం న్యాయమే. మా ఊళ్లో ఆభా నంబరు, ఆరోగ్య రికార్డుల కోసం ఇచ్చే ఆ 14 అంకెల కార్డు, చేయించేటప్పుడు ఓటీపీ చెప్పమంటే జనం జంకుతారు. ఇష్టమైతేనే తీసుకోవచ్చు, బలవంతం లేదని చెప్పాకే చేయిస్తా. మోసగాళ్లు ఆసుపత్రి పేరు చెప్పి ఫోను చేస్తున్న రోజులు, ఓటీపీ నాకు తప్ప ఎవరికీ చెప్పొద్దని కూడా చెప్తా.

కానీ వలస పోయేవాళ్లకు మాత్రం ఇలా కంప్యూటర్లో పేరుండటం కావాలి. పంతులు గారి ఊరి లాంటిదే మాది కూడా. టీబీ మందులు వాడుతున్న ఒకావిడ కుటుంబంతో మిరపకాయలు కోయడానికి పోయింది. ఇదివరకైతే మందు అక్కడితో ఆగిపోయేది, తిరిగొచ్చేసరికి జబ్బు ముదిరేది. ఇప్పుడు నిక్షయ్‌లో పేరుంది కాబట్టి అక్కడి పీహెచ్‌సీకి బదిలీ చేశాం, అక్కడే మందులు తీసుకుంది. నెలకు వెయ్యి రూపాయలు పోషణకు ఆమె ఖాతాలోనే పడతాయి, ఎక్కడున్నా పడతాయి. ఇది ఏఐ కాదు, మామూలు కంప్యూటరు పనే. అయినా ఒక ప్రాణం నిలబడింది.

పీజీ_నైట్‌డ్యూటీ

అక్కా, సుగ్గికి పోయేముందు మీరు బదిలీ చేయడం వల్లే అది జరిగింది. వాళ్లు ఎప్పుడు పోతారో మీకు తెలుసు కాబట్టి.

మా తరం డాక్టర్ల గురించి ఒక మాట. 2025లో పోలండ్ నుంచి ఒక అధ్యయనం వచ్చింది. పెద్దపేగు పరీక్షలో ఏఐ సాయానికి అలవాటుపడిన అనుభవజ్ఞులైన డాక్టర్లు, ఏఐ లేకుండా చేసినప్పుడు పేగులో క్యాన్సర్‌గా మారగల గడ్డలు కనిపెట్టే రేటు 28.4 శాతం నుంచి 22.4కి పడిపోయింది. వాళ్లకే అలా అయితే ఇప్పుడిప్పుడే నేర్చుకునే మా సంగతి? మా యూనిట్‌లో ఒక సార్ ఉన్నారు, ఎక్స్‌రే పెట్టి ముందు మాతో చదివించి, మేం రాసి ఇచ్చాకే రిపోర్టు చూపిస్తారు. ఏఐ వచ్చినా ఆ పద్ధతి ఉండాలని గట్టిగా కోరుకుంటున్నా. కరెంటు పోయిన రాత్రి కూడా రోగి వస్తాడు.

ఆస్పరి_పంతులు

అందరికీ ధన్యవాదాలు. సమావేశంలో చెప్పేందుకు మూడు నాలుగు విషయాలు రాసుకున్నా. ఫోను చెప్పిందని మందు కొనకూడదు. డాక్టరు రాసింది అర్థం కాకపోతే ఏఐతో తెలుగులో చదివించుకుని మళ్లీ డాక్టరుకో ఏఎన్ఎంకో చూపించుకోవాలి. సుగ్గికి పోయేముందు సబ్‌సెంటర్‌లో చెప్పి పోవాలి. ఎక్కడ పరీక్షకు పోయినా అడిగినా అడగకపోయినా చేసే పని ఏమిటో చెప్పాలి. సబ్‌సెంటర్ అక్కా, మీలాంటివాళ్లు ఒకరు వచ్చి మాట్లాడితే తల్లులు నా మాట కంటే బాగా వింటారు. మా మండలం ఏఎన్ఎంను పిలుస్తాను.

సబ్‌సెంటర్_అక్క

పిలవండి సార్. రెండో శనివారం వద్దు, ఆ రోజు మాకు మీటింగులుంటాయి. బీపీ మిషన్ తెమ్మని చెప్పండి, వచ్చిన అందరికీ చూసేస్తుంది.

నాపరాయి

డాక్టరు సార్, అతన్ని సోమవారం కర్నూలుకు తీసుకొస్తా. ఏమేం తేవాలి?

పీజీ_నైట్‌డ్యూటీ

పాత ఎక్స్‌రేలు, కళ్లె పరీక్ష కాగితం అన్నీ తేండి. ఛాతీ విభాగం ఓపీకి ఉదయమే రండి. ఏ ఏడాది నుంచి ఎక్కడెక్కడ ఏ పని చేశాడో ఒక కాగితం మీద వరుసగా రాయించండి: డ్రిల్లింగా, క్రషరా, లోడింగా, మూతికి గుడ్డ కట్టుకునేవాడా లేదా. పనిచేసినట్టు రుజువు ఏదైనా ఉంటే చాలా ఉపయోగం. పీఎఫ్, ఈఎస్‌ఐ ఉన్నాయా?

నాపరాయి

అవేం లేవు సార్. వారం వారం కూలి రాసుకున్న నోటు పుస్తకాలున్నాయి, నా చేతి రాతే.

పీజీ_నైట్‌డ్యూటీ

అవే తేండి అన్నా, ఒక్కటి కూడా వదలొద్దు. ఆ పుస్తకాల్లో అతనితో పాటు డ్రిల్లు పట్టినవాళ్ల పేర్లు కూడా ఉంటాయి కదా. వాళ్లలో దగ్గున్నవాళ్లను, లేనివాళ్లను కూడా వెంటబెట్టుకుని రండి, అందరికీ ఎక్స్‌రే తీయిద్దాం.